ఏ ఊరి కోడికి ఏ ఊరి పేరు

ఒక కోడి ఉంది. మన నాటుకోడి కాదు. మెడకింద ఎర్రటి తోలు సంచీ వేలాడేసుకుని, తోకను విసనకర్రలా విప్పుకుని, వీధి వీధంతా తనకే రాసిచ్చినట్టు నడుస్తుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని టర్కీ అన్నారు. మనం వాళ్ళ దగ్గర నేర్చుకుని టర్కీ కోడి అంటున్నాం. పాపం, టర్కీ దేశపు పిట్ట కాబోలు, ఎంత దూరం నుంచి వచ్చిందో అనుకుంటాం.

సరే, టర్కీ వెళ్ళి అడిగామనుకోండి. మాది కాదమ్మా అంటారు వాళ్ళు. వాళ్ళ భాషలో దాని పేరు ‘హిందీ’. అంటే హిందూదేశపుది అని. ఫ్రెంచివాళ్ళు ‘దేంద్’ అంటారు. దానికీ ఇండియా నుంచి వచ్చినది అనే అర్థం. రష్యావాళ్ళకది ‘ఇంద్యూక్’, పోలండువాళ్ళకు ‘ఇండిక్’. డచ్చివాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేసి ఊరి పేరు కూడా చెప్పేశారు. వాళ్ళ ‘కాల్కూన్’ అంటే కాలికట్టు కోడి. 1498లో వాస్కో డ గామా వచ్చి చేరాడే, ఆ కాలికట్టే!

ఇంకేం, ఇది మన మలయాళ దేశపు పిట్టే అని సంబరపడబోతాం కదా. అక్కడా కాదు. పోర్చుగీసువాళ్ళు దాన్ని ‘పెరు’ అన్నారు. పెరూ దక్షిణ అమెరికాలో ఉంది. వాళ్ళ నోటినుంచే ఆ మాట ఉత్తరాదికి పాకి, ‘పీరూ’ అయింది. ఈజిప్టువాళ్ళకది ‘రూమీ పుంజు’. మలయా వాళ్ళకది హాలెండు కోడి. చూశారా తమాషా! హాలెండువాళ్ళేమో కాలికట్టుది అంటారు, మలయావాళ్ళేమో హాలెండుది అంటారు.

పెళ్ళి పందిట్లో ముక్కూ మొహమూ తెలియని మనిషి ఒకడు వచ్చి ముందు పంక్తిలోనే కూర్చుని భోంచేస్తుంటాడు. ఆడపెళ్ళివారు, మగపెళ్ళివారి తాలూకు మనిషిలే అనుకుని మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు. మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారి చుట్టమేలే అనుకుని నమస్కారం పెడతారు. మీదే ఊరండీ అని అతన్ని మాత్రం ఎవరూ అడగరు. ఈ కోడి సంగతీ అచ్చం అంతే.

కుప్పం దాటి నాలుగు మైళ్ళు తమిళదేశంలోకి వెళితే దీన్ని ‘వాన్‌కోళి’ అంటారు. వాన్ అంటే ఆకాశం. ఏ దేశం మీదకూ నెట్టకుండా ఆకాశం మీదకు నెట్టి ఊరుకున్నారు. నాకైతే అందరిలోకీ వాళ్ళే పెద్దమనుషులనిపిస్తుంది.

ఇంతకూ ఈ పిట్టది మెక్సికో. అక్కడివాళ్ళు సుమారు 2000 ఏళ్ళ కిందటే దాన్ని మచ్చిక చేసుకుని ఇంటి ముందర పెంచుకున్నారు. వాళ్ళ నవాత్ల్ భాషలో దానికి సొంత పేరుంది. ఆ పేరే కొంచెం నలిగి, ఈనాటికీ మెక్సికోలో ‘గ్వాహొలోతే’గా మిగిలింది. 1519లో స్పెయినువాళ్ళు మెక్సికో మీద పడ్డారు. 1521 నాటికి ఆ రాజ్యాన్ని కూల్చేశారు. బంగారంతో పాటు ఈ కోడినీ ఓడలెక్కించారు. కొలంబసు 1492లో తాను చేరింది ఇండియాకే అనుకున్నాడు కనుక, ఆ వైపునుంచి వచ్చిన ప్రతిదానికీ ఇండియా పేరు తగులుకుంది. అలా మనకు సంబంధం లేని కోడికి మన పేరు అంటింది.

మరి ఇంగ్లీషువాళ్ళకు టర్కీ ఎందుకు గుర్తొచ్చింది? ఆ రోజుల్లో తూర్పు సరుకంతా వాళ్ళకు తురుష్క సామ్రాజ్యం మీదుగానే చేరేది. అంచేత తివాచీ వస్తే టర్కీ తివాచీ. మొక్కజొన్న వస్తే, అదీ మెక్సికోదే అయినా, టర్కీ గోధుమ! ఆఫ్రికా నుంచి చుక్కల చుక్కల గినీ కోడి వస్తే, దాన్నీ టర్కీ అన్నారు. తరవాత వచ్చిన మెక్సికో కోడిని దీనితో కలిపేసి, అదే పేరు దీనికీ తగిలించారు. 1541లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు క్రాన్మరు, మతగురువుల విందుల్లో దుబారా ఎక్కువైందని ఒక కట్టడి చేశాడు. పెద్ద పక్షుల్లో ఒక్కో పళ్ళెంలో ఒక్కటి మించి వడ్డించకూడదన్నాడు. ఆ పక్షుల జాబితాలో అప్పటికే టర్కీ పుంజు ఉంది. అంటే మెక్సికో పతనమై 20 ఏళ్ళకే ఆ పిట్ట పుట్టిల్లు మరచిపోయి, కొత్త పేరుతో ఇంగ్లండు విస్తట్లో పడిందన్నమాట.

పామరులు పొరబడ్డారు, పండితులు సరిచేశారు అనుకుందామా అంటే అదీ లేదు. 1758లో లిన్నేయసు అనే మహా శాస్త్రజ్ఞుడు దీనికి ‘మెలియాగ్రిస్’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. అది గ్రీకులు గినీ కోడికి పెట్టుకున్న పేరు. దాని వెనక ఒక పురాణ గాథ ఉంది. మెలియాగరు అనే వీరుడు చనిపోతే అతని చెల్లెళ్ళు ఏడుపు ఆపలేక పోయారట. ఒక దేవత వాళ్ళను కోళ్ళుగా మార్చేసిందట. గినీ కోడి ఒంటిమీది తెల్లని చుక్కలు ఆ చెల్లెళ్ళ కన్నీటి బొట్లట. ఆ కన్నీళ్ళ పేరు తీసుకొచ్చి, ఒంటిమీద ఒక్క కన్నీటి చుక్కయినా లేని మెక్సికో కోడికి తగిలించారు. ఇంటిపేరు కస్తూరివారు అనే సామెత మనకు ఊరికే పుట్టలేదు.

ఇంత చెప్పాక మనం మాత్రం నవ్వేసి తప్పించుకోవడానికి లేదు. ఈ కోడికి స్వయానా తోబుట్టువులు మన వంటింట్లోనే ఉన్నాయి.

బెంగళూరు వంకాయను తీసుకోండి. ఆకుపచ్చగా, ముడతలు పడ్డ మొహంతో, పప్పులో వేస్తే కమ్మగా ఉంటుంది. అది వంకాయ కాదు. వంకాయ కులమూ కాదు, గోత్రమూ కాదు. సొర, బీర, దోస ఉన్నాయే, వాటి కుటుంబానిది. బెంగళూరుదీ కాదు. బెంగళూరు వెళ్ళి అడిగితే వాళ్ళు దాన్ని ‘సీమె బదనెకాయి’ అంటారు. అంటే సీమవంకాయ, పరాయి దేశపు వంకాయ అని. మనం బెంగళూరు వైపు చూపిస్తాం, బెంగళూరు సముద్రం వైపు చూపిస్తుంది. అది పుట్టింది కూడా ఆ మెక్సికో ప్రాంతంలోనే.

ఈ తమాషా బాగా తెలియాలంటే గుడుపల్లె, కుప్పం వైపు వెళ్ళాలి. గుడుపల్లె చిత్తూరు జిల్లా కొసన, బెంగళూరు నుంచి చెన్నై వెళ్ళే రైలు దారిలో ఒక చిన్న స్టేషను. ఒక పక్క కన్నడదేశం, ఇంకో పక్క తమిళదేశం. అక్కడ కూరల కొట్టు దగ్గర ఒకావిడ బెంగళూరు వంకాయ ఇమ్మంటుంది, ఒకావిడ సీమె బదనెకాయి అంటుంది, మూడో ఆవిడ చౌచౌ కావాలంటుంది. కొట్టతను ముగ్గురికీ ఒకే గంపలోంచి తీసిస్తాడు. తగాదా ధర దగ్గరే తప్ప పేరు దగ్గర రాదు.

సీమచింత కూడా అంతే. చిన్నప్పుడు బడి దగ్గర కాకితం పొట్లంలో కొనుక్కు తిన్న ఆ మెలికల కాయకు చింతతో దగ్గరి చుట్టరికమేమీ లేదు. అదీ మెక్సికో వైపుదే. స్పెయినువాళ్ళు దాన్ని ఫిలిప్పీన్సు దీవులకు చేరవేశారు కనుక ఇంగ్లీషులో అది మనీలా చింత అయింది. ఇక అసలు చింతపండు సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. ఇంగ్లీషు ‘టామరిండ్’ అనే మాటకు మూలం అరబ్బుల మాట. హిందూదేశపు ఖర్జూరం అని దాని అర్థం. అది ఖర్జూరం కాదని మనకు తెలుసు. ఆ చెట్టు మొదట పుట్టింది ఆఫ్రికాలో అని శాస్త్రజ్ఞులకు తెలుసు.

మా చిత్తూరు వైపు రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి అంటే ప్రాణం పెడతాం. ఇంతకంటే మన మట్టి రుచి ఇంకేముంటుంది అంటాం. లెక్క తీస్తే రాగులు ఆఫ్రికావి, చెనిక్కాయలు దక్షిణ అమెరికావి, ఎండుమిరపకాయలు మెక్సికో వైపువి, చింతపండు మళ్ళీ ఆఫ్రికాది. ఇక మనదంటూ మిగిలేది ఉప్పూ, రుబ్బిన చెయ్యీ! అయినా అది మన కూడే. వందల ఏళ్ళు ఇక్కడి మట్టిలో పండి, ఇక్కడి రోట్లో నలిగినదాన్ని పరాయిది అనడానికి నోరెలా వస్తుంది?

అన్నిటికీ పేరు పోయిందా అంటే పోలేదు. మదనపల్లె టమేటా మార్కెట్టు ఎంత పెద్దదో మీకు తెలియంది కాదు. అక్కడ ధర పెరిగితే మన ఇళ్ళల్లో చారు పలచనవుతుంది. ఆ టమేటా కూడా మెక్సికో నుంచే లోకానికి వచ్చింది. నవాత్ల్ భాషలో దాని పేరు ‘తొమాత్ల్’. అంటే సముద్రాలు దాటి, స్పెయినూ ఇంగ్లండూ తిరిగి, మదనపల్లెలో బుట్టకెక్కినా అది పుట్టింటి పేరునే పలుకుతూ ఉంది. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే ఓడ దారిన వచ్చిన ఇద్దరిలో ఒకరు పేరు నిలుపుకున్నారు, ఒకరు పోగొట్టుకున్నారు. అందులో టమేటా గొప్పతనమూ లేదు, కోడి తప్పూ లేదు. దించుకున్నవాళ్ళు ఒకదాని పేరు అడిగారు, రెండోదాని పేరు అడగలేదు, అంతే.

ఇదంతా చదువుతుంటే మీకు ఎవరో గుర్తుకు రావడం లేదూ? నాకు మన ఆడవాళ్ళు గుర్తొస్తారు.

గుడుపల్లెలో పుట్టిన పిల్లను మదనపల్లెకు ఇస్తారు. అడుగు పెట్టిన మరునాటినుంచీ ఆమె గుడుపల్లె ఆమె. తోడికోడళ్ళకు గుడుపల్లె అక్క. మరుదుల పిల్లలు పుట్టాక గుడుపల్లె పెద్దమ్మ. మేనల్లుళ్ళకు గుడుపల్లె అత్త. సరే, ఆ పేరైనా నిలకడగా ఉంటుందా అంటే, పండక్కి పుట్టింటికి వెళితే అక్కడి పిల్లలు ఎదురొచ్చి, మదనపల్లె అత్త వచ్చింది అని కేకలు పెడతారు! టర్కీలో ఆ కోడి హిందీ అయినట్టు, హాలెండులో కాలికట్టు అయినట్టు, ఈమె అక్కడ ఇక్కడిది, ఇక్కడ అక్కడిది.

మా బంధువుల్లో అలాంటి గుడుపల్లె అత్త ఒకావిడ ఉంది. 70 దాటాయి. మనిషి చలాకీ, మాట ఇంకా చలాకీ. ఒకసారి ఈ కోడి కథంతా చెబితే కడుపుబ్బ నవ్వి, అంది కదా:

“ఆ కోడికేం లేమ్మా, దానికి రెక్కలుండాయి. నేను ఈడ గుడుపల్లె, ఆడ మదనపల్లె. నడాన బస్సులో కూర్చున్నంత సేపే నేను నేను. ఆ కండక్టరు మాత్రం పేరడుగుతాడా? యాడికి అని వాడూ ఊరే అడుగుతాడు!”

నవ్వాం. తరవాత కొంచెంసేపు ఆగి, మామూలుగా, ఉల్లిపాయ పొట్టు తీస్తూనే, ఇంకో మాట అంది.

“మాయమ్మ పోయినాక నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు.”

ఫిర్యాదులా అనలేదు. వానలు లేవు అన్నట్టు అంది. ఆ పేరు ఏమిటో నాకు తెలుసు, చాలా అందమైన పేరు. పత్రికలో రాస్తానంటే మాత్రం, వద్దులే, ఎవరో అనుకుంటారు, అని నవ్వేసింది. అంచేత రాయడం లేదు.

పేరు మనదేగాని వాడుకునేది ఊళ్ళోవాళ్ళు అని పిల్లలు పొడుపుకథ వేస్తారు. ఆ విడుపులో పెద్ద చిక్కే ఉంది. పేరు ఎవరి సొత్తు? మోసేవాళ్ళదా, పిలిచేవాళ్ళదా? పిలిచేవాళ్ళ సౌకర్యం కోసం పుట్టినదైతే, ఏ పేరైతేనేం, పలికితే చాలు కదా?

ఊరి పేరుతో పిలవడంలో తప్పేముందమ్మా అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నిజం చెప్పాలంటే అందులో ఒక ప్రేమ కూడా ఉంది. పెళ్ళయితే ఇంటిపేరు మారిపోతుంది. కొన్ని ఇళ్ళల్లో పెళ్ళిపీటల మీదే పెట్టిన పేరు కూడా మార్చేసేవాళ్ళు. అలాంటప్పుడు పుట్టిన ఊరిని 50 ఏళ్ళపాటు రోజుకు పదిసార్లు మెట్టినవాళ్ళ నోటే పలికించుకోవడం చిన్న సంగతి కాదు. మదనపల్లెలో ఆ వీధి పిల్లలు చాలామంది గుడుపల్లె చూసి ఉండరు. కాని గుడుపల్లె అంటే వాళ్ళకు అత్త చేతి ఊరుబిండి వాసన. ఫలానా వాడి పెళ్ళాం అనిపించుకోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఊరి పేరులో ఆమె ఎక్కడినుంచో వచ్చిన మనిషి అన్న స్పృహ అయినా ఉంది.

మరి నొప్పి ఎక్కడ? నాకు తోచిందిది. పేరు తప్పయితే వచ్చే నష్టం కొంచెమే. ఒక పేరు పెట్టేశాక, ఇక ఆ మనిషి మనకు తెలిసిపోయింది అనుకుంటామే, అదీ అసలు నష్టం. టర్కీ అనేశాక ఇంగ్లీషువాడికి ఇంక ఏమీ అడగాలనిపించలేదు. గుడుపల్లె కోడలు అనేశాక మెట్టినింటికీ అంతే. కూరలో కారం ఎక్కువైతే గుడుపల్లె చెయ్యి. తక్కువైతే, గుడుపల్లెలో ఇంతే తింటారు కాబోలు. మాటలో అరవ యాస దొర్లితే నవ్వు. మాట్లాడకపోతే, ఆ సరిహద్దువాళ్ళు లోతు మనుషులమ్మా అని ఒక వ్యాఖ్య. ఆ పిల్లకు పాట వచ్చా, లెక్కలు వచ్చా, రాత్రిపూట నిద్రపట్టక ఏం ఆలోచిస్తుంది అనే ప్రశ్నలన్నింటికీ జవాబు ఆ ఊరి పేరులోనే దొరికిపోతుంది. దొరికిన జవాబు చాలనుకున్నాక ఇంక ఆ పిల్లను ఎవరు అడుగుతారు?

ఇదేదో అత్తింటి ముచ్చటలే అని తోసెయ్యడానికి లేదు. పేరు లేకపోతే ఏమవుతుందో మన దేశం ఒకసారి కళ్ళారా చూసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1951–52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. ఓటర్ల జాబితా రాసేవాళ్ళు ఇంటింటికీ వెళితే, ఉత్తరాదిన చాలా చోట్ల ఆడవాళ్ళు తమ పేరు పరాయి మగవాడికి చెప్పడానికి ఒప్పుకోలేదు. ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అనే రాసుకుపోయారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ అది కుదరదన్నాడు. సొంత పేరు లేనిదే ఓటు లేదన్నాడు. పేర్లు చెప్పడానికి గడువు పెంచి చూశారు. అయినా దేశంలోని సుమారు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది పేర్లు తేలక జాబితా నుంచి తొలగిపోయాయి. ఆ రోజు చాలామందికి సేన్ కఠినుడుగా కనిపించి ఉంటాడు. నాకు మాత్రం, నువ్వెవరి భార్యవో కాదు, నువ్వెవరో చెప్పమ్మా అని ఆ తల్లులను దేశం తరఫున మొదటిసారి అడిగినవాడు ఆయనే అనిపిస్తుంది.

మన వైపు ఆ సంకెల ఇంకో దారిన ఊడింది. 1990ల్లో పల్లె పల్లెకూ పొదుపు సంఘాలు వచ్చాయి. డ్వాక్రా సంఘం అంటే అందరికీ తెలుసు. ఆ పుస్తకంలో గుడుపల్లె అక్క, పుంగనూరు వదిన అని రాస్తే బ్యాంకువాళ్ళు ఒప్పుకోరు. ప్రతి మనిషీ తన పేరు చెప్పాలి, కింద సంతకం పెట్టాలి. ఎన్నాళ్ళో వాడక తుప్పుపట్టిన పేర్లు పెట్టెలోంచి బయటపడ్డాయి. అప్పు కోసం మొదలైన పనేగాని, అప్పు తీరిపోయాక కూడా సంతకం మిగిలింది.

పేరు అడగడం, అడిగించుకోవడం మనుషులకే కాదు, ఊళ్ళకూ దేశాలకూ కూడా ఉంది. మనం రాయలసీమవాళ్ళం అని ఛాతీ విరుచుకుంటాం కదా, వందేళ్ళ కిందట ఆ పేరు లేదు. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కుంఫిణీవాళ్ళకు ఇచ్చేశాడు. అప్పటినుంచి మదనపల్లెతో సహా ఈ నేలకు దత్త మండలాలు అని పేరు. అంటే ఒకరు ఒకరికి ఇచ్చేసినవి! అందులో ఇచ్చినవాడు ఉన్నాడు, పుచ్చుకున్నవాడు ఉన్నాడు, ఇక్కడ బతికేవాడు లేడు. 1928లో నంద్యాలలో పెద్దలు సభ చేరి, ఆ పేరు మాకు వద్దు, మాది రాయలసీమ అని తీర్మానించుకున్నారు. దానం చేసిన వస్తువు పేరు పోయి, మనుషులుండే చోటి పేరు వచ్చింది.

సరిగ్గా ఆ టర్కీ దేశమే 2022లో అలాంటి పని చేసింది. మమ్మల్ని ఇంగ్లీషు పేరుతో కాక మా భాషలో మేము పిలుచుకున్నట్టు తుర్కియే అనండి అని ఐక్యరాజ్యసమితికి ఉత్తరం రాసింది. సమితి ఆ ఏడాది జూన్‌లో ఒప్పుకుంది. కోడి పేరుతో జనం వెక్కిరిస్తున్నారన్న చిరాకు కూడా అందుకు ఒక కారణమని అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థే చెప్పుకుంది. చూడండి మరి! పిట్టకు అడగకుండా అంటగట్టిన పేరు 500 ఏళ్ళకు తిరిగి తిరిగి దేశానికే తగులుకుంది.

అలాగని రేపటినుంచి బెంగళూరు వంకాయకు బారసాల చేద్దామని నేననను. కొట్టుకెళ్ళి నవాత్ల్ పేరు చెబితే కొట్టతను మనల్ని ఆస్పత్రికి పంపిస్తాడు. కోడికీ, కాయకీ తప్పు పేరుతో వచ్చిన నష్టమేమీ లేదు. ఏ పేరుతో పిలిచినా కోడి పలకదు, ఏ పేరుతో తరిగినా కాయ ఏడవదు. పలికేవాళ్ళ దగ్గరే, లోపల్లోపల ఏడవగలిగిన వాళ్ళ దగ్గరే మన బాధ్యత మొదలవుతుంది. వాళ్ళు నోరు విప్పి నా పేరిది అంటే, మనకు అలవాటు లేదని సాకు చెప్పకుండా పలకాలి. నోరు విప్పకపోతే మనమే అడగాలి. ఆపైన వాళ్ళకు ఊరి పేరే ఇష్టమైతే, ఆ పేరుతోనే హాయిగా పిలుచుకోవచ్చు. అడిగి పిలిస్తే అదే పేరు ముద్దు పేరవుతుంది.

పేరు తెలియనప్పుడు ఏం చెయ్యాలో ఒక పాదుషా చేసి చూపించాడు. 1612లో జహంగీరు దర్బారుకు ముకర్రబ్ ఖాన్ అనే ఉద్యోగి గోవా నుంచి కొన్ని వింత జంతువుల్ని, పక్షుల్ని తెచ్చాడు. వాటిలో ఈ కోడీ ఉంది. దాని పేరేమిటో దర్బారులో ఒక్కరికీ తెలియదు. పాదుషా కదా, నోటికొచ్చిన పేరు పెడితే కాదనేవాళ్ళెవరు? ఆ పని చెయ్యలేదు. కూర్చుని దాన్నే చూశాడు. ఆడ నెమలికంటే పెద్దది, మగ నెమలికంటే చిన్నది అని తన చరిత్రలో రాసుకున్నాడు. తలా మెడా ఒక క్షణం పగడంలా ఎర్రబడతాయి, ఇంకో క్షణం దూదిలా తెల్లబడతాయి, మరో క్షణం నీలమవుతాయి అని పిల్లవాడిలా ఆశ్చర్యపోయాడు. మన్సూర్ అనే చిత్రకారుణ్ణి పిలిచి బొమ్మ గీయించాడు. 400 ఏళ్ళు దాటినా ఆ బొమ్మ లండను మ్యూజియంలో ఉంది. తోలు మడతలతో సహా, ఈక ఈకా లెక్కపెట్టుకోవచ్చు. ఆ కోడికి ఇన్ని దేశాలు ఇన్ని పేర్లు పెట్టాయిగాని, పేరు పెట్టకుండా దాన్ని నిదానంగా చూసిన మనిషి నాకు తెలిసినంతలో ఆయనొక్కడే. జపానువాళ్ళు దాన్ని ఏడు మొహాల పక్షి అంటారు. వాళ్ళూ ఒకసారి ఆగి, దాని మొహంలోకి చూసి ఉంటారు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అత్తా, అవ్వా, పెద్దమ్మా అని పిలిపించుకుంటూ, ఏదో ఒక ఊరి పేరు మోస్తున్న పెద్దావిడ ఉండే ఉంటుంది. తీరుబడిగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, మీ పేరేమిటి అని అడగండి. మీకు తెలిసినా సరే అడగండి. ఎవరు పెట్టారు, ఎవరు ఎలా పిలిచేవారు అని అడగండి. ఎందుకులేమ్మా ఇప్పుడు అంటుంది మొదట. తరవాత చెబుతుంది. చెప్పేటప్పుడు మాత్రం చేతిలో పని పక్కన పెట్టి, ఆవిడ మొహం వైపు చూడండి. ఎన్ని రంగులు మారుతుందో!